కుజుడి మీద దోషం దొరకలేదు

పెళ్ళి సంబంధాల వాట్సాప్ గ్రూపుల్లో అమ్మాయి ఎత్తు, చదువు, జీతం రాశాక తరచూ ఇంకో ముక్క కనిపిస్తుంది: కుజదోషం లేదు. ఆ ముక్క రాయలేని ఇంట్లో జరిగేది వేరు. పిల్ల అందరికీ నచ్చుతుంది. జాతకం చేతికందాక అవతలివాళ్ళు "మళ్ళీ కబురు చేస్తాం" అంటారు. ఆ కబురు రాదు. ఇక శాంతులు, హోమాలు, సుబ్రహ్మణ్యేశ్వరుడికి పూజలు. చివరికి ముందుగా అరటిచెట్టుకో కుండకో ఇచ్చి పెళ్ళి. కట్టుకోబోయేవాడి ప్రాణానికి నువ్వే గండం అని ఒక ఆడపిల్లకు ఇంటిల్లిపాదీ కలిసి చెప్పడమే ఈ తతంగం సారాంశం.

ఈ నేరం మోపింది కోట్ల మైళ్ళ దూరంలో ఉన్న ఒక గ్రహం మీద. ఆ గ్రహాన్ని మనం ఇప్పుడు దగ్గర నుంచి చూశాం. 1965లో మారినర్-4 దాని పక్కగా వెళ్తూ ఫొటోలు తీసింది. 1976లో వైకింగ్-1 దాని నేల మీద దిగింది. 2012 ఆగస్టులో క్యూరియాసిటీ రోవర్ గేల్ బిలంలో కాలు పెట్టింది. మరుసటి ఫిబ్రవరిలో అది ఒక రాతిని డ్రిల్లుతో తొలిచింది. రంధ్రం వెడల్పు 1.6 సెంటీమీటర్లు, లోతు 6.4 సెంటీమీటర్లు. బయటికొచ్చిన పొడి ఎర్రగా లేదు. బూడిదరంగులో ఉంది. ఎరుపంతా పైపూతే, ఇనుము కలిసిన ధూళికి పట్టిన తుప్పు. ఆ పొడిని తనలోని పరికరాల్లో వేసి పరీక్షిస్తే బంకమట్టి ఖనిజాలు, కార్బన్, గంధకం, ఫాస్ఫరస్ కనిపించాయి. ఒకప్పుడు అక్కడ సూక్ష్మజీవులు బతకగలిగిన మంచినీటి సరస్సు ఉండేదని తేలింది. ఎర్రగా కనిపించింది కాబట్టి నెత్తురు, ఆవేశం, మరణం అంటగట్టిన గ్రహం లోపల అంగుళం తొలిస్తే ఆ ఎరుపే లేదు.

దోషం లెక్కనే తీసుకుందాం. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడు ఉంటే దోషమంటారు. పన్నెండు ఇళ్ళలో ఐదు. అంటే పుట్టినవాళ్ళలో నూటికి నలభై మందికి పైగా దోషులే. చంద్రుడి నుంచీ శుక్రుడి నుంచీ కూడా చూడాలనేవాళ్ళ మాట వింటే ఆ సంఖ్య ఎనభై దాకా పోతుంది. ఇంతమంది ఇళ్ళలో భర్తో భార్యో అకాలంగా పోవాలి. పోవడం లేదు. అందుకే మినహాయింపులు పుట్టాయి: స్వక్షేత్రమైతే లేదు, ఉచ్చలో ఉంటే లేదు, ఇరవై ఎనిమిదేళ్ళు దాటితే లేదు, ఇద్దరికీ ఉంటే లేదు. ఏం జరిగినా సరిపోయేలా చెప్పిన మాట ఏమీ చెప్పనట్టే.

ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ మహారాష్ట్రలో జాతకాలకు పరీక్ష పెట్టారు. జ్యోతిష్యులకు తలా నలభై జాతకాలిచ్చి, ఏది చురుకైన విద్యార్థిదో, ఏది మేధో వైకల్యం ఉన్న పిల్లలదో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపారు. సగటున నూటికి 46 సరిపోయాయి. నాణెం ఎగరేసినా యాభై సరిపోయేవి.

ఇదే కుజుడు శాస్త్రానికి వేరే పాఠం నేర్పాడు. టైకో బ్రాహీ కొలతలు ముందు పెట్టుకుని కెప్లర్ కుజుడి కక్ష్య లెక్కగడుతుంటే ఎనిమిది కళల తేడా వచ్చింది. పున్నమి చంద్రుడి వెడల్పులో అది నాలుగోవంతు. జాతకాలు రాసి కూడా పొట్టపోసుకున్న మనిషే ఆయన. అయినా ఆ తేడాకు మినహాయింపు వెతకలేదు. తన సిద్ధాంతాన్నే పక్కన పడేశాడు. గ్రహాలు తిరిగేది దీర్ఘవృత్తంలోనని 1609లో ప్రకటించాడు.

ఆ లెక్కల మీదే మన మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరింది. ముహూర్తం పెట్టింది భూమి, కుజుడి స్థానాలు. ఆ అనుకూలత దాదాపు 26 నెలలకోసారే వస్తుంది. 2014 సెప్టెంబరు 24 బుధవారం ఉదయం 7:17కు ఇంజన్ మండింది, సుమారు 24 నిమిషాలు. క్యాలెండర్‌లో బుధవారం యమగండం 7:30కు మొదలు. ఆ గడియలోనే నౌక కుజుడి కక్ష్యలో కుదురుకుంది. ఆరు నెలలకని తయారైనది ఏడేళ్ళకు పైగా పనిచేసింది. ఈ ఒక్క విజయంతో యమగండం అబద్ధమని తేలిపోదు. కానీ లెక్క వేసినవాళ్ళకు ఆ గడియను పట్టించుకోవలసిన అవసరమే రాలేదు.

ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు నౌక నమూనాతో తిరుమల వెళ్ళడాన్ని చాలామంది ఎత్తిచూపుతారు. గుడికి వెళ్ళడం వాళ్ళ ఇష్టం. నౌకను కక్ష్యలో చేర్చింది మాత్రం వాళ్ళ పని. 2019 సెప్టెంబరులో మన విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలినప్పుడు కూడా వాళ్ళు గ్రహస్థితి చూడలేదు. ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ బలంతో నెట్టాయని, దిగేచోటు మరీ ఇరుకుగా ఎంచుకున్నారని తేల్చారు. కాళ్ళు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, దిగేచోటును 500 మీటర్ల చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు విస్తరించారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది. దోషానికి పరిహారం అంటే అదీ.

మానవజాతి రేపు, తప్పును కొలిచి దిద్దుకునే ఈ పద్ధతి మీదే ఆధారపడి ఉంది. కుజుడి దగ్గర నిజమైన ప్రమాదాలున్నాయి: రేడియేషన్, మట్టిలో పెర్‌క్లోరేట్లు, భూమ్మీద ఉన్నదాంట్లో ఒక శాతానికి లోపే ఉన్న వాయుపీడనం. రోబోలు మనకంటే ముందు వెళ్ళి వీటిని కొలిచాయి. కొలిచిన ప్రమాదానికి కవచం చేసుకోవచ్చు. ఊహించుకున్న ప్రమాదానికి భయపడటం తప్ప చేయగలిగింది లేదు. 2024 జులైలో పర్సెవరెన్స్ రోవర్ చిరుతమచ్చలున్న ఒక రాతిని తొలిచింది. ఏడాదికి పైగా పరిశీలించి, 2025 సెప్టెంబరులో వెల్లడించినప్పుడు కూడా శాస్త్రవేత్తలు "ప్రాచీన జీవం ఆనవాలు కావచ్చు" అన్నారే గాని అవునని అనలేదు. రాతిని తొలిచి చూసినవాళ్ళకు అంత జాగ్రత్త ఉంటే, కాగితం మీద గీసిన పన్నెండు గళ్ళు చూసి ఒక పిల్ల కాపురం తేల్చేవాళ్ళకు ఎంత ఉండాలి?

కుజుడి దగ్గరికి నౌకను పంపిన దేశంలో, అమెరికాలో సాఫ్ట్‌వేర్ రాస్తున్న మనవాళ్ళ ఇళ్ళలో కూడా, కుజదోషం పేరు మీద సంబంధాలు తప్పిపోతూనే ఉన్నాయి. దీన్ని ఆపడానికి రాకెట్లు అక్కర్లేదు. అబ్బాయి తరఫువాళ్ళు జాతకం అడగకూడదు. అమ్మాయి తరఫువాళ్ళు అడిగినా ఇవ్వకూడదు. ఇద్దరి ఆరోగ్యం, స్వభావం, ఇష్టం తెలుసుకుంటే చాలు. పెళ్ళి చేసుకోబోయే పిల్లలు ఈ మాట ముందు తమ ఇంట్లోనే గట్టిగా చెప్పాలి.