గంట మోగితే చాలదు, గది తెలియాలి

సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023 మార్చి 16 సాయంత్రం మంటలు రేగాయి. అయిదో అంతస్తులో చిక్కుకున్న ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక చనిపోయారు. ఉద్యోగం కోసం ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల నుంచి నగరానికి వచ్చిన పిల్లలు వాళ్లు. అంతకు ఆరు నెలల ముందు, 2022 సెప్టెంబరు 12 రాత్రి, అదే సికింద్రాబాద్‌లో రూబీ హోటల్ కింది భాగంలోని ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో నిప్పు పుట్టింది. పొగ మెట్లగుండా పైగదులకు ఎగబాకి ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. రెండుచోట్లా ప్రధానంగా ప్రాణాలు తీసింది మంట కాదు, పొగ.

పొగ కమ్ముకొచ్చే వేళ చేతిలో ఉండేవి కొద్ది నిమిషాలే. ఎక్కడో అంటుకుందన్న సంగతి ఏ గంటైనా చెబుతుంది. ఎక్కడ అంటుకుందో చెప్పడానికే అడ్రసబుల్ ఫైర్ అలారం వ్యవస్థ వచ్చింది. పెద్ద ఆస్పత్రులు, మాల్స్, ఐటీ భవనాలు, హోటళ్లు దీన్నే పెట్టించుకుంటున్నాయి. అయితే పొగను పసిగట్టే డిటెక్టర్లను తీగకు కలిపి, వాటి కబురు అందుకునే ప్యానెల్‌పై పచ్చదీపం వెలగగానే పని అయిపోయిందనుకుంటున్నాం. తెరపై కనిపించే పేరు నిజంగా ఆ గదిదేనని ఒక్కో డిటెక్టర్‌నూ పరీక్షించి తేల్చినప్పుడే ఆ పని ముగిసినట్టు. అనుమతులిచ్చే ప్రభుత్వం అడగాల్సిన రుజువు ఇదే.

రెండు తీగల మీద నడిచే వ్యవస్థ

పాత కన్వెన్షనల్ ప్యానెల్‌లో ఒక్కో జోన్‌కు ఒక్కో జత తీగలుంటాయి. ఆ తీగల మీద ఉన్న డిటెక్టర్లలో ఏది పొగను పసిగట్టినా ప్యానెల్‌పై వెలిగేది జోన్ దీపమే. మూడో అంతస్తని తెలుస్తుంది, ఏ గదో వెతుక్కోవాలి. అడ్రసబుల్ పద్ధతిలో ప్యానెల్ నుంచి బయల్దేరిన జత తీగలు డిటెక్టర్లను, గోడమీది కాల్‌పాయింట్లను, హూటర్లను నడిపే మాడ్యూళ్లను వరసగా కలుపుకొంటూ తిరిగి ప్యానెల్‌కే చేరతాయి. దాన్నే లూప్ అంటారు. కరెంటూ, కబురూ ఆ తీగల్లోనే నడుస్తాయి. ఇళ్లకు డోర్ నంబర్లున్నట్టే ప్రతి పరికరానికీ ఒక అంకె ఉంటుంది. ప్యానెల్ ఆ అంకెలను ఒక్కొక్కటిగా పిలుస్తూ ఉంటుంది. పరికరం తన దగ్గరున్న పొగ మోతాదును జవాబుగా పంపుతుంది. జవాబు రాకపోతే ఫాల్ట్ చూపిస్తుంది. డిటెక్టర్‌లో దుమ్ము పేరుకుంటే, దొంగ అలారం మోగకముందే శుభ్రం చేయాలని చెప్పగల ప్యానెళ్లూ ఉన్నాయి.

లూప్ రెండు కొసలూ ప్యానెల్‌లోనే ఉంటాయి కాబట్టి ఒకచోట తీగ తెగినా రెండువైపుల నుంచీ పరికరాలు పలుకుతాయి. షార్ట్ సర్క్యూట్ అయితే మధ్యమధ్యన పెట్టిన ఐసొలేటర్లు ఆ ముక్కను మాత్రం వేరుచేసి మిగతా లూప్‌ను నిలబెడతాయి. ఒకే లోపంతో 32కు మించి డిటెక్టర్లు, కాల్‌పాయింట్లు మూగబోకూడదన్నది యూరప్ ప్రమాణమైన ఈఎన్ 54-2 నియమం. ఖర్చు తగ్గించుకోవాలని ఐసొలేటర్లు ఎగ్గొట్టినా, తీగ మధ్యలోంచి కొమ్మ లాగి నాలుగు డిటెక్టర్లు తగిలించినా ఆ రక్షణ పోతుంది. వెళ్లే తీగనూ తిరిగొచ్చే తీగనూ ఒకే పైపులో లాగితే ఒక్క డ్రిల్లింగ్ దెబ్బకు రెండూ తెగుతాయి. అప్పుడది పేరుకే లూప్.

తప్పు ఎక్కడ దాక్కుంటుంది

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ప్యానెల్‌కే తెలియని తప్పు. కొన్ని కంపెనీల డిటెక్టర్లలో అంకె సీలింగుకు బిగించిన బేస్‌లో ఉంటుంది. పైభాగం మార్చినా అడ్రస్ మారదు. మరికొన్నింట్లో డిటెక్టర్ తలకే చిన్న తిప్పుడు స్విచ్చులుంటాయి, లేదా చేతి పరికరంతో అంకె ఎక్కిస్తారు. ఈ రెండో రకం డిటెక్టర్లను తుడవడానికి దించి, తిరిగి పెట్టేటప్పుడు రెండు గదులవి తారుమారు చేస్తే ప్యానెల్ పసిగట్టలేదు. రెండు అంకెలూ పలుకుతూనే ఉంటాయి, పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. సర్వర్ రూంలో పొగ వస్తే తెరమీద క్యాంటీన్ పేరు పడుతుంది.

అద్దెదారు మారినప్పుడూ ఇదే జరుగుతుంది. మాదాపూర్, గచ్చిబౌలి లాంటిచోట్ల కొత్త కంపెనీ దిగితే గోడలు, ఫాల్స్ సీలింగ్ మారిపోతాయి. ప్యానెల్‌లో రాసిన గది పేర్లు మార్చాలన్న ఆలోచన ఎవరికీ రాకపోతే పాతవే ఉండిపోతాయి. మార్చాలనుకున్నా తాళం వేరేవాళ్ల చేతిలో ఉండొచ్చు. డిటెక్టరూ ప్యానెలూ మాట్లాడుకునే ప్రోటోకాల్ ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. 24 వోల్టులే కదా అని ఒకరి ప్యానెల్‌కు ఇంకొకరి డిటెక్టర్ తగిలిస్తే అది పలకదు. ఒక లూప్‌పై ఎన్ని పరికరాలు పడతాయన్నదీ ప్రోటోకాల్ మీదే ఆధారపడుతుంది: కొన్నింట్లో 126, కొన్నింట్లో 159 డిటెక్టర్లు, వాటికి తోడు మరో 159 మాడ్యూళ్లు. పైగా ప్రోగ్రామ్ ఫైలు, పాస్‌వర్డు బిగించిన ఏజెన్సీ దగ్గరే ఉండిపోతే యజమాని తన భవనంలో ఒక గది పేరు కూడా సరిచేసుకోలేడు.

అడ్రస్ తప్పితే నష్టం తెరతో ఆగదు. పొగ వచ్చిన చోటును బట్టే ఏసీ గాలిని ఆపడం, మెట్లదారిలో పొగ చొరబడకుండా ఫ్యాన్లు తిప్పడం, లిఫ్టులను కిందికి దించడం, కార్డు తలుపుల తాళాలు వదలడం జరగాలి. చోటు తప్పయితే ఈ ఆదేశాలూ తప్పుతాయి.

మనుషుల సంగతికొస్తే, వంటగది ఆవిరికి నాలుగుసార్లు మోగిన డిటెక్టర్‌ను విసుగెత్తి నిలిపేస్తారు. మళ్లీ కలపడం మరచిపోతారు. అర్ధరాత్రి ప్యానెల్ ముందుండే వాచ్‌మన్‌కు తెరమీద కనిపించేవి ఇంగ్లిష్ పొడి అక్షరాలు, అంకెలు. అతనికి అర్థంకాని అడ్రస్ ఎంత కచ్చితమైనదైనా నిరుపయోగమే.

ఏం చేయాలి

2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి నాలుగో భాగం, ఫైర్ అలారంల ప్రమాణం ఐఎస్ 2189 మనకున్నాయి. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం పునాదిగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వ్యవస్థలున్నాయి. అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ)లో స్మోక్ డిటెక్షన్, మాన్యువల్ అలారం, వెట్‌రైజర్ అంటూ ఉండాల్సినవాటి జాబితా ఉంటుంది. ఉన్నది నిజంగా పనిచేస్తోందన్న రుజువును దానికి జతచేయాలి.

మొదటిది, ప్రతి డిటెక్టర్ దగ్గరా పరీక్ష పొగ కొట్టి, తెరమీద వచ్చిన పేరును గది పేరుతో సరిచూసిన పట్టిక ఎన్‌వోసీకి తప్పనిసరి కావాలి. వందల డిటెక్టర్లున్నచోట ఇది భారమని యజమానులు అంటారు. మూడు నెలలకోసారి నాలుగో వంతు చొప్పున చేస్తే ఏడాదిలో అన్నీ పూర్తవుతాయి. వార్షిక నిర్వహణ (ఏఎంసీ) ఒప్పందంలో ఈ షరతు రాస్తే అదనపు భారమూ పెద్దగా ఉండదు. రెండోది, లోపలి గోడలు మార్చిన ప్రతిసారీ ఆ భాగానికి మళ్లీ ఇదే పరీక్ష జరగాలి. మూడోది, ప్రోగ్రామ్ ఫైలు, పాస్‌వర్డు, లూప్ నక్షా యజమానికి అప్పగించాకే ఏజెన్సీకి చివరి బిల్లు చెల్లించాలి. నాలుగోది, ప్యానెల్ పక్కన తెలుగులో, కాపలా సిబ్బందికి వచ్చిన మరో భాషలో గదుల పటం ఉండాలి. తనిఖీకి వచ్చిన అధికారి నిలిపేసిన పరికరాల జాబితాను ప్యానెల్‌లోనే తెరిచి చూడాలి. దానికి నిమిషం చాలు.

అలారం ఒక్కటే ప్రాణాలు కాపాడదన్నదీ నిజమే. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 17 మందిని బలిగొన్న అగ్నిప్రమాదం, ఇరుకు దారుల పాత ఇళ్లలో బయటపడే తోవ ఎంత ముఖ్యమో చెప్పింది. అలాంటిచోట ముందు కావాల్సింది మంచి వైరింగ్, రెండో దారి. చిన్న భవనానికి కన్వెన్షనల్ ప్యానెలే సరిపోతుంది. కానీ వందల గదులున్న ఆస్పత్రిలో, నడవలేని రోగులను మోసుకెళ్లాల్సిన నర్సులకు ఏ వార్డుకు ముందు పరుగెత్తాలో తెలియడమే సగం రక్షణ. దాని కోసమే లక్షలు పోసి అడ్రసబుల్ వ్యవస్థ కొంటున్నాం. ఆ అడ్రస్ సరైనదో కాదో పరీక్షించకుండా అనుమతి ఇవ్వడమంటే, ప్రమాదం జరిగిన రోజున ఆ పరీక్షను లోపలున్నవాళ్ల ప్రాణాల మీద పెట్టడమే. రెండు రాష్ట్రాల అగ్నిమాపక శాఖలూ ఈ ఒక్క పట్టికను తప్పనిసరి చేయడానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు.