పొయ్యి ఆరాక గంట పని

గోదావరిఖనిలో టిఫిన్ హోటల్ పొయ్యి ఆరి ఉండేది రాత్రి నాలుగైదు గంటలే. ఏడింటి మొదటి షిఫ్ట్‌కు పోయేవాళ్లు తెల్లారకముందే ఇడ్లీ అడుగుతారు. పదకొండింటికి రెండో షిఫ్ట్ దిగినవాళ్లలో ఇంట్లో వండిపెట్టే దిక్కులేనివాళ్లు పరోటాకో చపాతీకో వస్తారు. ఆ వంటింట్లో వేడి పోదు, తడి ఆరదు, పిండి రాలడం ఆగదు. బొద్దింక బతకడానికి ఇంతకంటే ఏం కావాలి?

నేను ఈ బొగ్గు బెల్టులోనే బాయి (గని) దిగి, మైనింగ్ సర్దార్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు మా తమ్ముడి హోటల్‌లో గల్లా దగ్గర కూర్చుంటున్నాను. హోటల్‌కు పురుగు పట్టేదీ పట్టనిదీ మూసే ముందు చేసే గంట పనిలోనే తేలిపోతుందని నా నమ్మకం. ఆ గంటకు ఒక మనిషి పేరుండాలి, సంతకం ఉండాలి, కూలి ఉండాలి.

బాయిలో జనం పనిలోకి రాకముందే సర్దార్ తన డిస్ట్రిక్ట్, అంటే బాయిలో తనకు అప్పగించిన భాగం, అంతా తిరిగి రావాలి. కప్పు తట్టి చూడాలి, గ్యాస్ చూడాలి, గాలి ఆడుతోందో లేదో చూడాలి. చూసిందంతా పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. 1957 కోల్ మైన్స్ రెగ్యులేషన్స్‌లోనూ, వాటి స్థానంలో వచ్చిన 2017 రెగ్యులేషన్స్‌లోనూ ఇది ఉంది. కింద సంతకం పెట్టేది తానే అయినప్పుడు, చూడని జాగను బాగుందని రాయడానికి చెయ్యి రాదు. వంటింటికి కూడా అట్లాంటి పుస్తకం కావాలి.

2024 ఏప్రిల్ నుంచి రాష్ట్ర ఆహార భద్రతా కమిషనర్ టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్ హోటళ్లను వరసగా తనిఖీ చేసింది. పేరున్న వంటిళ్లలోనూ బొద్దింకలు తిరుగుతున్నాయని బయటపెట్టింది. తనిఖీ అన్న మాట చెవిన పడగానే చాలామంది యజమానులు మందు పంపు తీస్తారు. హోటళ్లలో ఎక్కువగా ఉండేది చిన్న గోధుమరంగు బొద్దింక. ముప్పై నలభై గుడ్లున్న తిత్తిని ఆడది పొదిగేదాకా ఒంటికి అంటిపెట్టుకునే తిరుగుతుంది. కొట్టిన మందు ఆ తిత్తి లోపలికి పోదు. పైగా మందు వాసనకు పురుగులు చెదిరిపోయి గోడ సందుల్లోకి, గ్రైండర్ మోటారు వెనక్కి, ఫ్రిజ్ కంప్రెసర్ వెచ్చదనంలోకి చేరుతాయి. కొన్ని వారాలకు మళ్లీ మొదటికే వస్తుంది. ఎర జెల్ చుక్కలు పెట్టడం మేలు, కానీ పక్కన దోశ పిండి రాలి ఉంటే ఏ బొద్దింకా జెల్ వైపు చూడదు. జెల్ మీదే స్ప్రే కొడితే అదీ వృథా. కొందరింకా వంటింట్లో నువాన్ మందు చల్లాలని చూస్తారు. అందులోని డైక్లోర్‌వాస్‌ను 2018 ఉత్తర్వుతో కేంద్రం నిషేధించింది, 2020 డిసెంబర్ 31 నుంచి వాడకమే కుదరదు. అన్నం వండేచోట విషం చల్లాలన్న ఆలోచనే నాకు భయం పుట్టిస్తుంది.

మూసే ముందు చేయాల్సిన పనిలో వింతేమీ లేదు. గ్రైండర్‌ను ముందుకు జరిపి వెనక తుడవాలి. స్టవ్ కింద ట్రే లాగి జిడ్డు కడగాలి. గిన్నెలు తోమిన జాగ పొడిబట్టతో ఆరేదాకా తుడవాలి. బొద్దింక తిండి లేకుండా వారాలు బతుకుతుంది, నీళ్లు లేకుండా అంతకాలం బతకలేదు. కారే నల్లాకు గుడ్డ కట్టి ఊరుకుంటే రాత్రంతా దానికి నీళ్లు పెట్టినట్టే. మోరీ మీద జాలీ మూసి ఉండాలి. బియ్యం బస్తాలు చెక్క మీద, గోడకు జానెడు ఎడంగా ఉండాలి. వెనక ఏముందో లైటు వేసి చూడొచ్చు. సామాన్లు వచ్చిన అట్టపెట్టెలు ఆ రాత్రికే బయటికి పోవాలి. ఎంతో పురుగు వాటితోనే వంటింట్లోకొస్తుంది.

మా హోటల్‌లో గిన్నెలు తోమే అక్క ఒకరోజు నన్ను నిలదీసింది. "నేనంత తుడిచినంక పిల్లగాండ్లు మళ్ల చాయ్ పెడ్తరు పెద్దన్నా. నా తుడుపుల ఏం మిగుల్తది?" ఆమె అడిగింది న్యాయం. ఇప్పుడు ఆమె పుస్తకంలో సంతకం పెట్టాక వంటింట్లో ఎవరూ పొయ్యి ముట్టించరు, మా తమ్ముడు కూడా. సంతకం ఆమె పొదుపు సంఘంలో నేర్చుకుంది. ఆ గంటకు వేరే కూలి ఇస్తున్నాం. బాయిలో ఓటీకి రెండింతల కూలి చట్టం ఇచ్చిన హక్కు. ఆ హక్కుతో పిల్లలను చదివించుకున్న ఊరు, అందరికంటే ఆఖరున ఇంటికిపోయే మనిషితో ఉత్త చాకిరీ చేయించుకోవడం తప్పు.

ఎలుకల విషయం మన బెల్టుకు ఇంకా దగ్గరిది. 1915 ప్రాంతంలో జపాన్‌లోని క్యూషూలో ఇనడా, ఇదో అనే వైద్యులు కామెర్లతో పడిపోయిన గని కార్మికుల రక్తంలో ఒక సూక్ష్మజీవిని కనుగొన్నారు. మనం ఎలుక జ్వరం అనేది దానివల్లే వస్తుంది. ఎలుక మూత్రం కలిసిన నీళ్లు ఒంటిమీది గాయానికి తగిలితే చాలు. చేతులు గీసుకుపోయి షిఫ్ట్ దిగే మనుషులే మన హోటళ్లలో కూర్చునేది. చిన్నెలుకకు పెన్సిల్ దూరేంత సందు చాలు. గ్యాస్ పైపు కోసం కొట్టిన రంధ్రం చుట్టూ సిమెంటు పూయడానికి ఎంతవుతుంది? పందికొక్కుల సంగతి మాత్రం ఒక్క హోటల్ వల్ల తేలేది కాదు. హోటళ్ల వీధుల్లో చెత్త బండి పదకొండు దాటాక ఒకసారి తిరగాలి.

పురుగుల నివారణ రికార్డు ఉంచాలని ఆహార భద్రతా నిబంధనల షెడ్యూల్ 4 చెబుతూనే ఉంది. మురికిలో వండితే లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2006 చట్టం 56వ సెక్షన్ అంటోంది. ఆ రికార్డంటే మందు కంపెనీ ఇచ్చిన రసీదు అని చాలామంది అనుకుంటున్నారు. తనిఖీకి వచ్చే అధికారి ముందుగా రాత్రి పుస్తకం అడగాలి. నిన్న ఏం చూశారు, ఎవరు చూశారు, ఏ నల్లా కారుతోందని రాశారు, దాన్ని ఎప్పుడు బాగుచేశారు అని అడగాలి.

ఈ పుస్తకం పద్ధతిని సింగరేణి క్యాంటీన్లలో మొదలుపెట్టాలని కోరుతున్నాను. పెద్ద గనికి క్యాంటీన్ ఉండాలన్న మాట 1955 మైన్స్ రూల్స్‌లోనే ఉంది, చూసి రాసి సంతకం పెట్టడం అక్కడ ఎవరికీ కొత్తగా నేర్పనక్కర్లేదు. బాయి దగ్గర ఆ పుస్తకం ఏడాది నడిస్తే, మా ఊరి లక్ష్మీనగర్ హోటళ్ల యజమానులను పిలిచి చూపించవచ్చు.