అసూయ పుట్టడం తప్పు కాదు

పక్కింటి అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చిందని తెలిసి మనసు చివుక్కుమంటే, ఆ సంగతి పైకి చెప్పుకోవడానికి అందరూ జంకుతారు. మంచివాళ్లకు అసూయ పుట్టదనీ, పుట్టిందంటే లోపల కుళ్లు ఉన్నట్టేననీ చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. అరిషడ్వర్గాల్లో మాత్సర్యం ఆరో శత్రువు కాబట్టి తలెత్తగానే అణిచెయ్యాలంటారు. ఇది సదుద్దేశంతో చెప్పే మాటే కావచ్చు, కానీ తప్పు. అణిచిన అసూయ చావదు, వేషం మార్చుకుంటుంది. "అన్ని లక్షలు పోసి కోచింగ్ ఇప్పిస్తే ఎవరికైనా వస్తుంది", "ఈసారి పేపరే తేలిగ్గా ఇచ్చారట" అన్న మాటలై బయటపడుతుంది. గుణం ఉన్నచోట కూడా దోషం అంటగట్టడమే అసూయ అని అమరకోశం చెప్పింది ఇందుకే. తన బాధను కప్పిపుచ్చుకోవాలనుకునేవారికి ఎదుటివారిలో ఏదో ఒక లోపం కావాలి. "నాకూ ఆ ర్యాంకు వస్తే బాగుండేది" అని ఒప్పుకున్నవారికి ఆ అవసరం ఉండదు.

మన సంప్రదాయమంతా అసూయను శత్రువుగానే చూసిందనడమూ నిజం కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో 33 వ్యభిచారి భావాలు, అంటే వచ్చిపోయే భావాలు, చెప్పాడు. శంక, చింత, దైన్యాలతో పాటు అసూయ కూడా వాటిలో ఒకటి. రతి, శోకం వంటి నిలిచి ఉండే 8 స్థాయిభావాల్లో దానికి చోటు లేదు. రంగస్థలం కోసం చెప్పినదే అయినా మనసు తీరు తెలిసిన మాట అది: అసూయ వచ్చిపోయే భావం. 2009లో డచ్ పరిశోధకుడు నీల్స్ వాన్ డె వెన్, సహచరులు దీన్ని మరో వైపు నుంచి పరిశీలించారు. డచ్ భాషలో అసూయకు రెండు వేర్వేరు మాటలున్నాయి. రెండింటిలోనూ బాధ ఉంటుంది. కానీ ఒకటి కలిగితే తానూ పైకి ఎదగాలనిపిస్తుంది, రెండోది కలిగితే ఎదుటివారిని కిందికి లాగాలనిపిస్తుంది. కాబట్టి తేల్చుకోవాల్సింది అసూయ ఉందా లేదా అని కాదు, అది ఎటు నడిపిస్తోందని.

ఒప్పుకుంటే అసూయ ఇంకా పెరగదా, దుర్యోధనుడు చెప్పుకున్నాడు కదా, చివరికి కురుక్షేత్రమే జరిగింది కదా అని అడగవచ్చు. సభాపర్వాన్ని జాగ్రత్తగా చదివితే జవాబు అక్కడే దొరుకుతుంది. రాజసూయ వైభవం చూసి కుమిలిపోతున్న కొడుకుతో ధృతరాష్ట్రుడు, పాండవులను ద్వేషించకు, కావాలంటే నువ్వూ మహాయజ్ఞం చెయ్యి అన్నాడు. శకుని పాచికలు చూపించాడు. ఒకే బాధకు రెండు దారులు ఎదురుగా ఉన్నాయి. దుర్యోధనుడు రెండోది ఎంచుకున్నాడు. వంశాన్ని నాశనం చేసింది ఆ ఎంపిక.

అందని వాటి మాటేమిటన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. పిల్లలు లేని స్త్రీ బంధువుల ఇంట సీమంతానికి వెళ్లి, నవ్వుతూ గాజులు తొడిగి, ఇంటికొచ్చి తలుపు వేసుకుంటుంది. ఆమె మనసులో కలుక్కుమన్నది దుర్బుద్ధి కాదు, దుఃఖం. దాన్ని దుఃఖంగా గుర్తిస్తే ఆమె ఏడవగలదు, ఎవరితోనైనా చెప్పుకోగలదు. అసూయ పాపమని నమ్మిన మనమే అలాంటి స్త్రీల కన్ను పడితే దిష్టి తగులుతుందని చాలాసార్లు ఇలాంటి వేడుకలకు వారిని దూరం పెడుతున్నాం. అన్నకు ఇంజనీరింగ్ సీటు కొని, చెల్లెలికి డిగ్రీ చాలన్న ఇంట్లో ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుంటే, అన్నను చూసి ఓర్వలేవా అని గద్దిస్తున్నాం. ఆమె అసూయ అడుగుతున్నది న్యాయం. పాపమన్న ఒక్క మాటతో ఒకరి దుఃఖాన్నీ, మరొకరి ప్రశ్ననూ నొక్కేస్తున్నాం. అసూయతో చివుక్కుమన్న మనిషిని ముందు అడగాల్సింది ఒక్కటే: నీకేం కావాలి?