సున్నా చెప్పని సంగతి

రెండు పెట్టుబడుల ధరలు ఒకదానితో ఒకటి ఎంతగా ముడిపడి ఉన్నవో చెప్పడానికి సహసంబంధ గుణకమనే కొలత వాడుకలో ఉన్నది. అది 1 అయితే రెండూ ఒకే దారిన నడుస్తాయి. రుణ 1 అయితే ఎదురెదురుగా నడుస్తాయి. సున్నా వస్తే, వీటికి సంబంధమే లేదని మదుపరి నిశ్చింతగా నిద్రపోతాడు. ప్రమాదం ఆ నిశ్చింతలోనే ఉన్నది.

ఒక చిన్న లెక్క చూడండి. అయిదు రోజులలో ఒక వాటా ధర −2, −1, 0, 1, 2 రూపాయల చొప్పున మారినదనుకుందాం. ఆ వాటా పెరిగినా తరిగినా లాభించేలా అల్లిన ఆప్షన్ల జత విలువ అదే రోజులలో 4, 1, 0, 1, 4 చొప్పున మారినది. మొదటిది తెలిస్తే రెండవది తెలిసినట్లే. అది దాని వర్గమే కదా! అయినా గుణకం కట్టి చూస్తే సున్నాయే. తరుగుదల రోజుల లెక్కను పెరుగుదల రోజుల లెక్క కొట్టివేసినది. ఈ గుణకం సరళరేఖను చూడగలదు గాని వంపును చూడలేదు.

1904లో స్పియర్‌మన్ విలువలకు బదులు వాటి వరుస స్థానాలను పోల్చే పద్ధతి చెప్పాడు. ఎప్పుడూ పైకే, లేదా ఎప్పుడూ కిందికే సాగే వంపులకు అది పనికివస్తుంది. మన లెక్కలో మాత్రం అదీ సున్నాయే. 2007లో సేకెయ్, రిజ్జో, బకిరోవ్‌లు దూర సహసంబంధాన్ని ప్రతిపాదించారు. ప్రతి రెండు రోజుల మార్పుల మధ్య దూరాన్ని ఒక్కొక్క పెట్టుబడికి ఒక్కొక్క పట్టికగా వేసి, సగటులు సవరించి, ఆ పట్టికలను పోలుస్తారు. సిద్ధాంతరీత్యా ఈ కొలత సున్నా అయితే నిజంగానే సంబంధం లేదన్నమాట. అయితే కొద్ది రోజుల అంకెలతో దీనినీ నమ్మరాదు.

ఇది పండితుల వినోదం కాదు. 2000లో డేవిడ్ లీ ప్రకటించిన సూత్రం అప్పులు ఎగవేతకు గురయ్యే కాలాల మధ్యనున్న ముడిని ఒక్క సహసంబంధ సంఖ్యతో కొలిచింది. అప్పుల మూటలకు వెల కట్టడానికి బ్యాంకులు దానిని విరివిగా వాడాయి. ఆ సూత్రం ప్రకారం మహావిపత్తులు జంటగా రావడం బహు అరుదు. 2007, 2008లలో అమెరికాలో ఇండ్ల ధరలు అనేక రాష్ట్రాలలో ఒక్కసారిగా పడిపోగా, వేర్వేరనుకున్న అప్పులు కలిసి మునిగాయి. తప్పంతా సూత్రానిదే కాదు. కాని ఇండ్లు పోగొట్టుకున్నది సామాన్యులే.

2020 మార్చిలో వాటాలు కూలిన రోజులలో, ఆపద్బంధువనుకున్న బంగారం సైతం కొన్నాళ్లు జారినది. కనుక పెట్టుబడిని పది చోట్ల పంచినవారు సగటు రోజుల గుణకంతో తృప్తి పడరాదు. గాలివాన రోజున ఆ పదీ ఎట్లా ప్రవర్తించాయో విచారించవలె.