సొంత మాటలు గైడులో దొరకవు

‘సొంత మాటల్లో రాయండి’ అన్న సూచన పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రానికి కొత్త కాదు. ఆ సొంత మాటలను ముందే రాసిపెట్టి అమ్మే గైడులూ కొత్త కావు. పిల్లలు వాటిని బట్టీపట్టి రాస్తారు, దిద్దేవారు మార్కులు వేస్తారు, ఫలితాలు బాగానే కనిపిస్తాయి. ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో ఈ పద్ధతి వల్ల జరిగే నష్టం మరింత స్పష్టంగా తెలుస్తుంది. దాశరథీ శతక కర్త, భద్రాద్రి రాముడి మీద కీర్తనలు కట్టి రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరది. ఆ ఊరి విద్యార్థి కూడా రామదాసు గురించి గైడులోని కవి పరిచయాన్నే అప్పజెప్పాల్సి రావడం బాధాకరం. జవాబులు అందించే సామగ్రి మనకు అవసరానికి మించే ఉంది. చదవడం నేర్పే సామగ్రే కరువైంది. అది వస్తే సాహిత్యానికే కాదు, పరీక్షకూ మేలు జరుగుతుందన్నది నా వాదన.

మూలానికి సాయంగా మరో పుస్తకం ఉండటం మన సంప్రదాయంలో తప్పు కాదు. బ్రౌన్ దొర పూనికతో జూలూరి అప్పయ్య మనుచరిత్రకు వ్యాఖ్య రాశారు. వావిళ్ల వారు టీకా తాత్పర్యాలతో అచ్చువేసిన ప్రతులు కొన్ని తరాలకు కావ్యాలు చదవడం నేర్పాయి. అలాంటి వ్యాఖ్య కర్త ఎవరో, క్రియ ఎక్కడుందో, ఏ పదం దేనికి విశేషణమో చెప్పి పాఠకుణ్ని మళ్లీ పద్యం దగ్గరికే పంపుతుంది. గైడు చదివిన విద్యార్థికి ఇక పద్యంతో పనే ఉండదు. ప్రతిపదార్థం ముక్కలు చేసి చేతికిస్తే, పదాన్ని ఎక్కడ విరవాలో తడుముకునే అవసరం పోతుంది. సంధి, సమాసం, అన్వయం వంటబట్టేది ఆ తడుములాటలోనే కదా! 1885 నాటి శబ్దరత్నాకరాన్ని ఇవాళ ఆంధ్రభారతి వెబ్‌సైట్లో పైసా ఖర్చు లేకుండా వెతుక్కోవచ్చు. అయినా నిఘంటువు తెరవకుండానే పదో తరగతి దాటిపోయే వీలు మన తెలుగు తరగతిలో ఉంది.

రామదాసునే తీసుకుందాం. పాల్వంచ తహసీల్దారుగా పనిచేసిన మనిషి. అక్కన్న, మాదన్నలకు మేనల్లుడు. సర్కారు సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడన్న అభియోగంపై తానీషా ఏలుబడిలో గోల్కొండ చెరసాలలో పడ్డాడు. నగల ఖర్చును ఏకరువు పెట్టే ఆయన కీర్తన తెలుగువారికి కొత్త కాదు. అందులో రాముడి తమ్ముళ్లకు, సీతమ్మకు, చివరికి స్వామికే ఏ నగ చేయించాడో వరసగా చెబుతాడు. లెక్కలు రాసే ఉద్యోగి కంఠం అందులో వినిపిస్తుంది. చూస్తుండగానే ఆ లెక్క ఎత్తిపొడుపవుతుంది, ఎత్తిపొడుపు తిట్టవుతుంది, ఆ వెంటనే దెబ్బల బాధకు తిట్టానంటూ క్షమాపణ వస్తుంది. మాట్లాడుతున్నదెవరు, ఎవరితో, స్వరం ఎక్కడ మారింది, ఏ పదం దగ్గర మారింది? ఈ నాలుగు ప్రశ్నలతో ఒక పీరియడు సాగితే భక్తి, నిష్ఠూరం, చనువు పిల్లలకే అందుతాయి. శతకంలో అదే కవి ఉత్పలమాల, చంపకమాలల్లో ఎంత గంభీరంగా మాట్లాడతాడో పక్కన పెట్టి చూపితే శైలి అంటే ఏమిటో నిర్వచనం లేకుండానే తెలుస్తుంది. దీనికి కావాల్సినవి పాట మూలం, మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రచారంలోకి తెచ్చిన రామదాసు కీర్తనల్లో ఒకటి వినిపించే ఏర్పాటు, పదకోశం ఒక పేజీ, జవాబులు లేని ప్రశ్నలు కొన్ని. అంతే. వాచకాల్లో క్యూఆర్ కోడ్లు ఎలాగూ ఉన్నాయి, వాటి వెనక ఇలాంటివి పెట్టవచ్చు. నేలకొండపల్లికి ఇంకో సంపదా ఉంది. అక్కడ బౌద్ధ స్తూపం ఉంది, విరాటరాజు పేరుతో పిలిచే దిబ్బ ఉంది. తిక్కన భారత రచన మొదలుపెట్టింది విరాటపర్వంతోనే. తవ్వకాలు చెప్పేదేమిటి, జనం నమ్మేదేమిటి, కావ్యం పలికేదేమిటి అని విడదీసి రాయమంటే అంతకన్నా మంచి వ్యాసరచన అంశం దొరకదు.

గైడు లేకపోతే ఇంట్లో చదువు చెప్పేవారు లేని పిల్లలు ఏమైపోతారన్న అభ్యంతరం బలమైనది. పల్లెటూరి సర్కారు బడి విద్యార్థికి బాసర ట్రిపుల్ ఐటీలో సీటు రావాలంటే పదో తరగతి మార్కులే ఆధారం. కాబట్టి మార్కులను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. అయితే బట్టీపట్టిన జవాబు ప్రశ్న కాస్త తిరగేసి అడిగితే చాలు, అక్కరకు రాదు. అప్పుడు ముందుగా దెబ్బతినేది ఆ పేద విద్యార్థే. భద్రాచలం వైపు ఆశ్రమ పాఠశాలల సంగతి చూడండి. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలకు బడి తెలుగే రెండో మెట్టు, గైడులోని సంస్కృత సమాసాల వాక్యం ఇంకో మెట్టు. ఆ వాక్యాన్ని అర్థం కాకుండా మోయడం తప్ప వారికి దారి లేదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయ సహా 8 భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు గుర్తించినది ఈ ఇబ్బందినే. చెవితో విని, నోటితో చెప్పి, ఆ తర్వాత రాసే పద్ధతి అందరికన్నా వారికే ఎక్కువ అవసరం.

రామదాసు కీర్తనలు తరగతిలో వినిపిస్తే మతబోధ అవుతుందని కొందరు సందేహించవచ్చు. ఉపాధ్యాయుడు అడిగేది కవి మాట తీరు గురించే కాబట్టి, నమ్మకంతో నిమిత్తం లేకుండా ఏ విద్యార్థి అయినా జవాబు చెప్పగలడు. ఉపాధ్యాయులకు తీరిక లేదన్న మాట మాత్రం పూర్తిగా నిజం. సిలబస్ పూర్తిచేయాలి, ప్రత్యేక తరగతులు నడపాలి, బోధనతో సంబంధం లేని పనులూ చేయాలి. అందుకే ఈ భారం ఒక్కొక్కరి మీద వేయకూడదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో తెలుగు ఉపాధ్యాయులు పాఠాలు పంచుకుని తయారుచేస్తే, ఖమ్మంలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్ వాటిని సరిచూసి అన్ని బడులకూ పంపవచ్చు.

సామగ్రి ఎంత మంచిదైనా ప్రశ్నపత్రం మారకపోతే మూలన పడుతుంది. గిడుగు, గురజాడల వ్యావహారిక భాషా పోరాటం పదునెక్కింది స్కూల్ ఫైనల్, ఇంటర్మీడియట్ పరీక్షల్లో వ్యాసం ఏ తెలుగులో రాయాలన్న దగ్గరే. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించింది అందుకే. పరీక్ష ఏది అడిగితే బడి అదే నేర్పుతుందని వారికి బాగా తెలుసు. 2014-15లో పదో తరగతిలో తెచ్చిన సంస్కరణలు ఆలోచించి రాయించాలనే అనుకున్నాయి, గైడులు ఆ ఆలోచననూ అచ్చువేసి ఇచ్చాయి. గైడు ముందే ఊహించలేని ప్రశ్న ఒక్కటే: వాచకంలో లేని శతక పద్యం, దాని కింద కఠిన పదాలకు అర్థాలు, ఆ తర్వాత కవి స్వరం గురించి ఒక ప్రశ్న. అపరిచితాంశాలు మన పరీక్షకు కొత్త కావు కనుక వాటి మార్కులు పెంచితే సరిపోతుంది. ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తే దిద్దడం ఎలా అంటారు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఇచ్చే సూచనల పత్రంలో జవాబు నమూనాకు బదులు రెండు షరతులు రాయాలి: విద్యార్థి పద్యంలోని ఏదో ఒక మాటను ఆధారంగా చూపాలి, ఆ మాటకూ తన అభిప్రాయానికీ లంకె చెప్పాలి. ఆ రెండూ ఉన్న జవాబుకు, వాక్యం సాదాగా ఉన్నా, కోయ యాస తొంగిచూసినా, పూర్తి మార్కులు పడాలి.