బేజుబాన్ గవాహీ

హాల్‌మార్క్ ఛానల్ వాళ్ల మొహబ్బత్ సినిమాలు ఒకటి చూస్తే పది చూసినట్టే. చిన్న అమెరికా ఊరు, మంచు, ఒక అలక, ఆఖర్న రాజీ. అయినా పిల్లల పక్కన కూర్చుని చూడొచ్చు, నజర్ దించుకునే పని ఉండదు. ఆ కథల్లో నా దిల్ దోచేది హీరో కాదు, అతనింట్లో తిరిగే జానవర్.

2014లో వచ్చిన 'ద నైన్ లైవ్స్ ఆఫ్ క్రిస్మస్' చూడండి. హీరో జాకరీ ఫైర్‌మ్యాన్. పెళ్లి మాటెత్తితే దూరం జరిగే రకం. దిక్కులేని పిల్లి ఒకటి అతని పంచన చేరుతుంది. హీరోయిన్ మారిలీ పశువుల డాక్టరు చదువుతోంది. పిల్లిని పెంచుతోందని ఆమెను అద్దింట్లోంచి ఖాళీ చేయిస్తారు. ఇద్దర్నీ కలిపేది పిల్లులే.

ఆ మజా ఎక్కడుందంటే, పిల్లికి హైసియత్‌తో పని లేదు. నీళ్లు పోస్తే షుక్రియా చెప్పదు, పోయకపోతే నలుగురిలో పరువు తీయదు. అలాంటి బేజుబాన్ దగ్గర మనిషి ఎలా ఉంటాడో, అదే అతని అసలు తబియత్.

ఇది మనకు కొత్త సబఖ్ కాదు. అబూ హురైరా (రజి) పేరుకే 'పిల్లికూన తండ్రి' అని మానీ. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన ఔరత్‌కి జహన్నం, దాహంతో ఉన్న కుక్కకి నీళ్లు పట్టిన మనిషికి మగ్‌ఫిరత్ అని హదీసుల్లో చదువుకున్నాం. కుక్కని ఇంట్లో ఉంచుకోవడం మీద బహస్ వేరు. వీధికుక్క మీద రాళ్లేసే ఇజాజత్ మాత్రం ఏ మస్లక్‌లోనూ లేదు.

మరి రిష్తా చూసేటప్పుడు మనం ఏం అడుగుతున్నాం? తన్‌ఖా ఎంత, దుబాయ్ వీసా ఉందా, ఇల్లు సొంతమేనా! అబ్బాయి సలాం చెప్పి తలొంచుకుని కూర్చుంటాడు. గంటసేపు ఎవరైనా షరీఫే. బీమార్ దాదీకి మందులు ఎవరిస్తారు, పనిమనిషిని ఏమని పిలుస్తాడు, గుమ్మంలోకొచ్చిన పిల్లిని ఏం చేస్తాడు? ఇవి అడిగేవాళ్లు ఎందరు?

ఈ సినిమాల్లో ఒక మోసం ఉంది. పిల్లి మురికి ఎత్తడం, డాక్టరు ఖర్చు, ఏళ్ల తరబడి చాకిరీ పెద్దగా చూపించరు. అవి చూసి ముచ్చటపడి జానవర్‌ని తెచ్చుకుంటే అది ఖిలౌనా కాదు, అమానత్. నిఖా కూడా అంతే కదా. ముచ్చట తీరాక ఎలా చూసుకుంటాడన్నదే అసలు సవాల్.

బేటీ ఉన్న అమ్మీ అబ్బాలారా, ఈసారి రిష్తాకి వెళ్తే కాస్త ముందుగా వెళ్లి ఆ గల్లీలో నిలబడండి. అతను నడిచొస్తుంటే పిల్లులు పారిపోతున్నాయా, కాళ్లకి చుట్టుకుంటున్నాయా చూడండి.