ఒంటి మెరుపు జిడ్డట, సీసా మెరుపు గ్లో అట!

పోయిన నెల మా క్లాసు గ్రూపు ఫోటో తీశారు. నా స్నేహితురాలు వెనక వరుసలోకి వెళ్లి తల దించుకుని నిలబడింది. ఎందుకే అంటే, "నా మొహం జిడ్డు కారుతోంది, ఫోటోలో పడకపోతేనే మేలు" అంది. అదే పిల్ల సాయంత్రం నాకు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. అందులో ఒకామె బుగ్గలకి ఏదో పూసుకుని నూనె రాసిన అద్దంలా మెరిసిపోతోంది. "చూడవే, ఎంత గ్లోనో!" అంది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది.

ఒంట్లోంచి వచ్చిన మెరుపు జిడ్డు, సీసాలోంచి వచ్చింది గ్లో! ఇదెక్కడి న్యాయం? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటే ఇదే కాబోలు.

మన వయసులో హార్మోన్ల వల్ల చర్మంలోని తైలగ్రంథులు ఎక్కువగా పనిచేస్తాయి. అవి విడిచే నూనె పేరు సీబమ్. అది చర్మం ఎండిపోకుండా కాపాడుతుంది. మురికీ కాదు, మన తప్పూ కాదు. నూనె, చనిపోయిన కణాలు కలిసి రంధ్రాలు మూసుకుపోతే మొటిమలు వస్తాయి, నిజమే. రోజుకి రెండుసార్లు మెల్లగా కడుక్కుంటే చాలు. గట్టిగా రుద్దితే ఇంకా మంట. మరీ ఎక్కువైతే డాక్టరున్నారు.

కానీ కొట్లో లెక్క వేరు. నూనె తీయడానికి ఒక డబ్బా, మళ్లీ మెరుపు పూయడానికి ఇంకో డబ్బా. రెండింటికీ డబ్బు మనదే! 1975లో మన దేశంలో మొదలైన 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో 'గ్లో అండ్ లవ్లీ' అయింది. పేరులో తెలుపు పోయి మెరుపొచ్చింది. మన భయం మాత్రం అక్కడే ఉంది.

మేకప్ వేసుకోవడం తప్పని నేననట్లేదు. మా అక్క పెళ్లికి నేనూ వేసుకున్నా. ముచ్చటకి వేసుకుంటే సంతోషం. సిగ్గుతో వేసుకుంటే శిక్ష.

మా అమ్మ ఇక్కడే బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పనికి వెళ్తుంది. షిఫ్టు దిగి వచ్చేసరికి ఆమె మొహం కూడా మెరుస్తుంది. దాన్ని ఎవరూ గ్లో అనరు. కొంగుతో తుడుచుకుని వంటింట్లోకి వెళ్తుంది.

అందుకే అడుగుతున్నా. అబ్బాయిలూ, 'జిడ్డు మొహం' అని పేర్లు పెట్టడం మానండి. అమ్మలూ, "పౌడర్ రాసుకుని రావే" అనేముందు ఒక్క క్షణం ఆగండి. టీచర్లూ, వచ్చే ఏడాది ఫోటోకి ఆ పిల్లని ముందు వరుసలో నిలబెట్టండి.